పదో డోసు

న్కాటా బే ఆస్పత్రిలో మందుల ఫ్రిజ్‌కి కాపలా నేను.
రెండుకీ ఎనిమిదికీ మధ్య నుంచి
ముల్లు జారకుండా చూడ్డమే నా ఉద్యోగం.
కరెంటు పోయిన రాత్రులు
తలుపు తెరవకుండా దాని పక్కనే కూర్చుంటాను,
జ్వరం పిల్లాడి పక్కన కూర్చున్నట్టు.

సీసాలు సోమవారం దిగాయి.
పెట్టె మీద గడువు ఇంకా పందొమ్మిది రోజులు.
"ముందు మీరే" అన్నారు పైనుంచి, "సిబ్బందికే తొలి హక్కు."
హక్కు అనేసరికి
కారిడార్ ఖాళీ అయింది.

మార్చురీ మవుతో ఒక్కడే
ఎవరూ పిలవకుండా వచ్చి చొక్కా గుండీలు విప్పాడు.
భయం లేదా అని అడిగాను.
"జనవరి నుంచి లెక్కపెట్టడం మానేశాను" అన్నాడు,
అంతే.

ల్యాబులో యాంఖో.
ఆ పేరుకి జవాబని అర్థం,
మనిషి నిండా ప్రశ్నలే.
ఎవరి మీద పరీక్షించారు, ఎంతమంది మీద, ఎన్నాళ్ళు?
కాగితాలు చదువుతాడు, మళ్ళీ చదువుతాడు,
మధ్యాహ్నం అవుతుంది, టీకి వెళ్తాడు.
బట్టలుతికే ఎలుబీకి ఆగస్టులో పెళ్ళి.
"పిల్లలు పుట్టరటగా" అంది,
తడి దుప్పటి వెనకనుంచి, మొహం కనపడనీకుండా.

ఇక సిస్టర్ తిసుంగే.
ఇరవై రెండేళ్ళుగా ఈ సరస్సు ఒడ్డున
పుట్టిన ప్రతి బిడ్డ తొడ మీదా ఆమె సూది గుర్తు ఉంది.
హస్తవాసి అంటే ఆమెదే.
సూది దిగిందని బిడ్డకి తెలిసేలోపే
దూది పెట్టి నొక్కేస్తుంది.
ఆవిడ రావడం లేదు.

"డిసెంబరులో గ్లవ్స్ అడిగాం.
రాలేదు.
రొట్టె కవర్లు తొడుక్కుని కాన్పులు చేశాం.
అప్పుడు గుర్తురాని చేతుల మీద
ఇప్పుడింత ప్రేమేమిటి వీళ్ళకి?
అదీ, వాళ్ళ గడువు తీరబోయే ముందు!"

నా దగ్గర సమాధానం లేదు.
ముల్లు నాలుగు దగ్గర ఉంది. అదే రాసుకున్నాను.

గురువారం ఒక సీసా తెరిచాం.
ఒక్కో సీసాలో పది డోసులు, ఆరు గంటల ఆయుష్షు.
డ్రైవర్లు, వంటమనిషి, గేటు దగ్గర ముసలాయన,
లాగి లాగి తొమ్మిది చేతులయ్యాయి.
అయిదున్నరకి అడుగున
కన్నీటి చుక్కంత మిగిలింది.

సిస్టర్ సంచి భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరింది.
సంచిలో ఎండు ఉసిపా చేపల వాసన.
ఆగింది. సీసాని దీపానికి ఎత్తి చూసింది.
"పారబోస్తావా?"
నిబంధన అది, అన్నాను.
ఆమె పేరుకి 'దాచుకుందాం' అని అర్థం.
సబ్బుముక్కల్ని కలిపి కొత్త సబ్బు చేసే మనిషి.

"నీ పేరు ఎన్నో వరసలో ఉంది?"
రిజిస్టరు నా చేతిలోనే ఉంది.
వారం రోజులుగా అందరి పేర్లూ నా దస్తూరీలోనే.
నాది లేదు.
ఫ్రిజ్ వదిలి కదలకూడదని
నాకు నేనే చెప్పుకున్నాను ఇన్నాళ్ళూ.
ఆమె నవ్వలేదు. తిట్టలేదు.
చేతులు కడుక్కుని, సిరంజిలో చుక్క లాగి,
"అటు చూడు, పడవొచ్చింది" అంది.
చూశాను.
పడవ లేదు.
దూది అప్పటికే భుజం మీద ఉంది.

ఆ రాత్రి చెయ్యి సలిపింది, ఒళ్ళు కాగింది.
నా ముల్లు ఎక్కడుందో కొలిచేవాళ్ళు లేరు.

తెల్లారి ఆరింటికే తలుపు చప్పుడు.
"బతికే ఉన్నావా? చెయ్యెత్తు."
ఎత్తాను, సగం వరకు.
ఆ సగాన్నే చాలాసేపు చూసింది.
తర్వాత తన చేతి మడత పైకి తోసింది:
"తియ్యి సీసా."

ఒక్కరి కోసం తెరవకూడదు సిస్టర్,
తొమ్మిది డోసులు పాడైపోతాయి.

"పాడైపోవడమా!"
చెప్పులు టపటపలాడించుకుంటూ కారిడార్లోకి వెళ్ళింది.
ముందు ల్యాబు తలుపు బాదిన శబ్దం.
తర్వాత, బట్టలారేసే తీగల వైపునుంచి,
ఎలుబీ పేరు, రెండుసార్లు.
తర్వాత ఏమీ వినబడలేదు.

ఫ్రిజ్ మీద చెయ్యేసి
నేనింకా లెక్కపెడుతున్నాను.